పైపు మూతికి పంచె గుడ్డ

డెబ్బైల్లో తెనాలి కాలువ గట్టున నాకు లారీలు కడిగే షెడ్డు ఉండేది. ఇంజనుతో కాలువ నీళ్లు తోడి, సన్నటి గొట్టంలోంచి జోరుగా కొట్టేవాళ్లం. ఒకరోజు రేపల్లె నుంచి చేపల లారీ వచ్చింది. మధ్యాహ్నానికి బాపట్ల మీదుగా చీరాల వెళ్లి చీరల బేళ్లు ఎక్కించుకోవాలి. కంపు వదలకపోతే అక్కడ ఒక్క బేలు కూడా ఎక్కించరు. సరిగ్గా అప్పుడే నీళ్ల జోరు పడిపోయింది.

"ఏంటండీ ఇది? లారీ కడుగుతున్నారా, పన్నీరు చల్లుతున్నారా?" అని డ్రైవరు విరుచుకుపడ్డాడు.

ఆ మంటంతా నేను మా మేస్త్రి మీద చూపించాను. గొట్టం మూతి విప్పించాను, తోలు వాషర్లు మార్పించాను, బెల్టు బిగించలేదని తిట్టాను. ఆయన కాలువలోకి దిగి, నీళ్లు పీల్చే పైపును పైకి లాగాడు. దాని మూతికి బురద పేరుకున్న గుడ్డ!

"ఏ తెలివితక్కువ వెధవ కట్టాడయ్యా దీన్ని?" అని అరిచాను.

"అంచు చూడండి బాబాయ్," అన్నాడు మేస్త్రి.

అది నా పాత పంచె. ఇంట్లో మా ఆవిడ కుళాయికి గుడ్డ కట్టినట్టే, చెత్త రాకుండా అంతకు రెండు రోజుల ముందు నేనే కట్టి, ఎవరికీ చెప్పకుండా మురిసిపోయాను. గుడ్డ తీయగానే జోరు వచ్చింది, లారీకి కంపు వదిలింది. నా కోపం మాత్రం అలాగే మిగిలిపోయింది. దాన్ని ఎవరి మీద కొట్టాలో తెలియలేదు.