రెడ్ వైన్‌లో ఐసు

ఈద్ సెలవుల్లో జార్జియా వెళ్లి, ద్రాక్షతోటల మధ్య ఓ హోటల్లో ఒక్క పూట భోంచేసి వచ్చాక, మా ఆఫీసు సీనియర్‌కి ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామాలో ఏ హోటల్ వైన్ లిస్టు చూసినా పెదవి విరిచే జబ్బు పట్టుకుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, లిస్టంతా వేలితో తడిమి, "ఇదీ ఒక లిస్టేనట్రా!" అనేవాడు. అక్కడ తాగింది ఒక్క గ్లాసు. దాని గురించి చెప్పడం మాత్రం ఎప్పటికీ పూర్తి కాలేదు.

అతని పెళ్లిచూపులు కూడా హోటల్లోనే పెట్టారు. తోడుగా నేను వెళ్లాను.

"అన్నా, ఇవాళ ఆ లిస్టు జోలికెళ్లకు. తాగుబోతనుకుంటారు" అని కారులోనే ఒట్టు వేయించుకున్నాను.

కాబోయే మామగారు లిస్టు అందించినా మావాడు చేతులు కట్టుకునే కూర్చున్నాడు. ఆయనే రెడ్ వైన్ తెప్పించుకుని, అందులో ఐసు ముక్కలు వేసుకున్నారు.

"అయ్యో, ఐసా అండీ! రుచంతా నీళ్లపాలు!" ప్రాణం పోతున్నట్టు అరిచాడు మావాడు.

సంబంధం తప్పిపోయిందని నేను బిర్యానీ మీద దృష్టి పెట్టాను.

"విన్నారా?" కాబోయే అత్తగారు భర్త వైపు తిరిగారు. "ఇన్నేళ్లుగా నేను మొత్తుకున్నదీ అదేగా! అబ్బాయి బంగారమండీ."

అమ్మాయి అభిప్రాయం మర్నాడు అడిగారు.