మేనత్త కోపం, మామ ఆయుష్షు

మొన్న ఆదివారం, ఈ గుజరాతీ ఊళ్లో మన నేతపనివాళ్లు స్థిరపడ్డ మా గోడాదరా పేటలో, మన తెలుగువాళ్ల సంఘం హాల్లో అరవై దాటినవాళ్లకు ఉచితంగా కళ్లు, రక్తం, ఎముకలు చూస్తారంటే, నా మోకాళ్ల సంగతి కూడా తేల్చుకుందామని వెళ్లాను. ఎముకల డాక్టరు దాకా పోవాలంటే ముందు ఒక బల్ల దాటాలి. ఆ బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, చిన్న చిన్న విషయాలకే కంగారుపడే మనిషినని మీరు అనుకుంటారా, అస్సలు కాదు, కొంచెం కాదు, చెప్పలేను, కొంచెం అవును, పూర్తిగా అవును, వీటిలో ఏదో ఒకటి చెప్పండి ఆంటీ అంది. మనిషి స్వభావాన్ని బట్టి ముసలితనంలో ఆరోగ్యం ఎలా ఉంటుందో కనిపెట్టే పరిశోధనట. నాకు నవ్వొచ్చింది కానీ అది మంచి నవ్వు కాదు. ఆ ప్రశ్ననే, ఆ ఐదు జవాబులతో సహా, ముప్ఫై ఏళ్ల కిందట ఇదే పేటలో గడప గడపకూ తిరిగి అడిగినదాన్ని నేనే. పూర్తిగా అవును అని చెప్పి, మిగతా ప్రశ్నలు వినకుండా లేచి డాక్టరు దగ్గర వరసలో నిలబడ్డాను.

అప్పట్లో నేను ఇక్కడి తెలుగు బడిలో పంతులమ్మను. నా ఈడువాళ్లకు ఆనాటి గోడాదరా గుర్తుండే ఉంటుంది. ప్రతి వీధిలో కింది గదుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, పగలూ రాత్రీ ఆడుతుండేవి, పై గదుల్లో మనుషులుండేవాళ్లు, మంచం మీద పడుకుంటే వెన్నుపూస కూడా సాంచాతో పాటే అదిరేది. ఆ వేసవి సెలవుల్లో ఏదో పెద్ద విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు తన పరివారంతో దిగాడు. ఆయనకు తెలుగు రాదు, మా కార్మికుల్లో పెద్దవాళ్లకు తెలుగు తప్ప సరిగా ఏదీ రాదు, కాబట్టి మధ్యలో మాట మోసే మనిషి కావాల్సి వచ్చి నన్ను పిలిచారు. చదువుకున్నవాళ్ల పక్కన నడవడమంటే అప్పట్లో నాకు మహా గొప్పగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పెద్దమనిషి బస హజీరా వైపు ఏదో కంపెనీ అతిథిగృహంలో. రోజూ పదింటికి చల్లటి కారులో వచ్చేవాడు. వృద్ధాప్యం మీద అంత పరిశోధన చేసినవాడు నేల మీద చాప వేస్తే కూర్చోలేడు, ఆయన కోసం నాలుగిళ్ల అవతలి నుంచి కుర్చీ తేవాలి. ఇచ్చిన చాయ్ వాసన చూసి పక్కన పెట్టేవాడు. ఇక ఆయన ప్రశ్నలు చెప్పాలి. పన్నెండు గంటల పాళీ, అంటే షిఫ్టు, చేసి వచ్చి కళ్లు మూతలు పడుతున్న ముసలాయన్ని, కొత్త కళారూపాలను ఆస్వాదిస్తారా అని అడగమనేవాడు. సాంచాల యజమాని శేఠ్ ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోయేవాళ్లను, మీ రోజును ముందుగా ప్రణాళిక వేసుకుంటారా అని అడగమనేవాడు. విందుల్లో నలుగురితో కలిసిపోతారా అంటే ఒక తాత ఏ విందు బిడ్డా అని నన్నే తిరిగి అడిగాడు. ప్రొఫెసరు దాన్ని కలుపుగోలుతనం తక్కువ అని రాయించాడు. నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడినవాళ్లకు చెవులు మందగించి ఉంటాయి, వాళ్లు ఉప్పు అడిగినా అరిచినట్టే ఉంటుంది. ఆ అరుపంతా కాగితం మీద కోపంగా మారిపోయింది. వీళ్లకు వినపడదు సార్, అందుకే గట్టిగా మాట్లాడతారు అని నేను ఒకసారి చెప్పాను. ఆయన నా వంక చూసి, చిన్నపిల్ల తప్పు లెక్క చేస్తే చూసే చూపు అది, తర్వాత ప్రశ్నకు వెళ్లమన్నాడు.

అలా తిరుగుతూ ఒకరోజు మా మేనత్త ఇంటికి వచ్చాం. మా నాన్నకు అక్క ఆమె. మా వీధి చివర ఒకే గది ఉన్న ఖోలీలో మా మామతో ఉండేది, కండెలు చుట్టేది. ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. నీళ్ల ట్యాంకరు వాడితో, రేషన్ దుకాణం వాడితో, మురుగు తీయని మనిషితో ఆమె పోట్లాడని రోజు లేదు. మామ అందుకు పూర్తిగా వేరు. బట్టలు మడత నలగకుండా పెట్టుకునేవాడు, చెప్పులు గోడకు సమానంగా విడిచేవాడు, శేఠ్ తిట్టినా తల వంచుకుని దారం ముడి వేసుకునేవాడు. బీడీ లేదు, కల్లు లేదు, మాటకు ఎదురు మాట లేదు. ప్రశ్నలన్నీ అయ్యేసరికి ప్రొఫెసరు ముఖం వెలిగిపోయింది. శాంతం, క్రమశిక్షణ, సహకారం, మూడూ నిండుగా ఉన్న మనిషి దొరికాడని మామను గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు.

ఆ తర్వాత, వాళ్లతో వచ్చిన కుర్ర డాక్టరు మామ చేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించాడు. గొట్టానికున్న ముల్లు పెద్దగా కదల్లేదు. మళ్లీ ఊదించాడు. మూడోసారి ఊదేటప్పుడు మామకు దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. డాక్టరు అంకె రాసుకుని ప్రొఫెసరు వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపి, మనం చూడడానికి వచ్చాం, వైద్యం చేయడానికి కాదు, మనం కలగజేసుకుంటే అధ్యయనం చెడిపోతుంది అని ఇంగ్లీషులో అన్నాడు. అత్త నన్ను, ఏమంటున్నరని అడిగింది. అంతా బాగానే ఉందంటున్నారత్తా అన్నాను. ఎందుకలా చెప్పానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. చదువుకున్నవాళ్ల ముందు గొడవ ఎందుకనుకున్నానేమో.

అత్త నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. నమ్మలేదు. వాళ్లు సామాను సర్దుకుని కారెక్కుతుంటే వెనకే వచ్చి, తెరిచి ఉన్న కారు తలుపును రెండు చేతులతో పట్టుకుంది.

"ఊదిచ్చిండ్రు, రాసుకున్నరు, పోతున్నరు. ఆయన ఛాతిల ఏమున్నదో చెప్పి కదలుండ్రి. చెప్పేదాక ఈ తలుపు ఇడువ."

వీధి వీధంతా పోగైంది. ప్రొఫెసరు లోపలే కూర్చుని, తన వైపు అద్దం కొంచెం దించి, ఈమె అనారోగ్యకరమైన స్వభావానికి మంచి ఉదాహరణ అని నాతో అన్నాడు. నేను అది తెలుగులో చెప్పలేదు. నేను అటు వెళ్లి అత్త చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాగబోతే, ఆమె నన్ను భుజంతో నెట్టేసింది. ఎండలో పావుగంట అలాగే నిలబడింది. చివరికి ఆ కుర్ర డాక్టరే దిగి, ఎవరి వంకా చూడకుండా, చిన్న చీటీ మీద ఆ అంకె, దాని కింద ఎక్స్‌రే తీయించండి అని రాసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ పరివారం మొత్తానికి మనిషంటూ ఉంటే వాడొక్కడే.

ఆ సాయంత్రం ప్రొఫెసరు, అత్త పేరున్న కాగితం మీద ముంగోపి, అనుమానం ఎక్కువ, సహకరించదు అని నా చేతే రాయించాడు. రాశాను.

మర్నాడు మామ, పాళీ పోతే శేఠ్‌కు ఇబ్బందవుతుందన్నాడు. అత్త ఆయన చొక్కా గుండీలు తనే పెట్టి పెద్దాసుపత్రికి తోలుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను, ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు. ఎక్స్‌రే కిటికీ దగ్గరి గుమాస్తా మూడు రోజుల తర్వాత రమ్మంటే, ఆమె తనకొచ్చిన హిందీలో, రాని చోట తెలుగులో, నీ తండ్రైతే మూడు రోజులు ఆగుతవా అని మొదలుపెట్టింది. నేను సిగ్గుతో స్తంభం చాటుకు పోయాను. మధ్యాహ్నానికి ఎక్స్‌రే తీశారు. క్షయ. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే మందులకు లొంగేది కాదన్నారు. ఆ తర్వాత నెలల తరబడి మందు మింగించి, నోరు తెరిపించి, నాలుక కింద చూసి గానీ ఆయన్ని కదలనిచ్చేది కాదు. దుమ్ములోకి మళ్లీ పంపనని శేఠ్ ఇంటి ముందు కూర్చుని, మామను మగ్గం మీద నుంచి గుడ్డ మడతపెట్టే పనికి మార్పించింది. వాంతులైనప్పుడు ఆయన ఇక మానేస్తానంటే తిట్టిన తిట్లు మా ఇంటికి వినిపించేవి. మామ బతికాడు.

నాలుగేళ్లకు అత్త పోయింది. కూరగాయలు తెస్తూ రోడ్డు దాటుతుంటే చీరల మూటలేసుకుని వస్తున్న టెంపో గుద్దింది. ప్రాణం ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు.

ఇంకో నాలుగేళ్లకు ప్రొఫెసరు బృందం మళ్లీ వచ్చింది, ఎవరున్నారు, ఎవరు పోయారు అని చూసుకోవడానికి. నన్నే పిలిచారు. ఈసారైనా నిజం చెప్పి రాయిద్దామనుకుని వెళ్లాను. అత్త పేరు దగ్గర జీవించి ఉన్నారు, మరణించారు అని రెండే గడులు. టెంపో సంగతి చెప్పాను, దానికి గడి లేదన్నారు. మామకు వచ్చిన జబ్బు, అది తగ్గిన తీరు చెప్పాను. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడు కదా, అది చాలన్నారు.

కొన్ని నెలలకు ఊళ్లో పెద్ద సభ పెట్టారు. తెర మీద మామ పాత ఫొటో, దాని కింద శాంత స్వభావమే దీర్ఘాయుష్షు అని పెద్ద అక్షరాలు. పక్కనే గీత ఒకటి, తొందరగా పోయిన ముంగోపులందరూ కిందికి జారిపోతున్న గీత. అందులో ఎక్కడో ఒక చుక్క మా అత్త. మామను వేదిక ఎక్కించి శాలువా కప్పి, మీ ఆరోగ్య రహస్యమేమిటని అడిగారు. నేను పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాను. మామ శాలువా అంచులు సమంగా సర్దుకుని, మెల్లగా అన్నాడు.

"నాదేం లేదు సారూ. నేను నోరు మూసుకున్న కాడల్లా నా బదులు ఆమె కొట్లాడింది. గందుకే ఉన్న."

నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. హాలంతా గొల్లున నవ్వింది, పెళ్లాం మీద మొగుడు వేసిన చలోక్తి అనుకున్నారు. మిగతాది చెబుదామని నేను నోరు తెరిచేలోగా ప్రొఫెసరు నవ్వుతూ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. దిగాక, మెట్ల దగ్గర పట్టుకుని మొత్తం చెప్పాను, చీటీ, కారు తలుపు, ఎక్స్‌రే, టెంపో, ఏదీ వదల్లేదు. ఆసక్తికరంగా ఉందమ్మా, కానీ ఒక్క మనిషి కథను ఆధారంగా తీసుకోలేం అన్నాడు. ఆయన వెనక తెర మీద ఒక్క మనిషి ఫొటో అప్పటికీ వెలుగుతూనే ఉంది. మళ్లీ ఆయన పిలిస్తే నేను పోలేదు. అంతకన్నా నేను చేసింది ఏమీ లేదు.

మామ ఎనభై మూడేళ్లు బతికాడు. చివరి ఏళ్లలో నీళ్లు రాకపోయినా, పింఛను ఆగినా ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. నేను వెళ్లి అడిగేదాన్ని, కానీ నాకు అత్త గొంతు రాలేదు.

ఇప్పుడు మా వీధిలో సాంచాలు లేవు, చాలావరకు ఊరవతల జోల్వా వైపు పోయాయి. మాట మెల్లగా చెప్పినా ఎదుటివాళ్లకు వినబడుతుంది. మా పిల్లల పిల్లలు తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి ఎంత మెత్తగా మాట్లాడతారో చూస్తే ముచ్చటేస్తుంది. కోపం వస్తే లోపలికి ఊపిరి పీల్చుకుని పది అంకెలు లెక్కపెట్టమని బళ్లోనే నేర్పుతున్నారట. పోయిన చలికాలం మా పక్కింటామెకు ఆయాసం ఎక్కువైతే ఒక కొత్త ఆసుపత్రికి తీసుకెళ్లాను. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. నాలాంటి ముసలివాళ్లు ఇరవై మంది దాకా, వాళ్ల వెంట వచ్చినవాళ్లు మరో ఇరవై మంది. మూడు గంటలు కూర్చున్నాం. ఆమె తల నా భుజం మీద ఉంది, ఆమె పీల్చే ప్రతి ఊపిరీ నాకు వినబడుతూనే ఉంది. హాలు నిండా మంచి స్వభావం గలవాళ్లమే. ఒక్కరమూ లేచి అడగలేదు.