ఐదో పేరు

మా కోర్సుల విభాగంలో సరోనోని మించిన మొహమాటస్థుడు లేడు. ఏదడిగినా "ఇంకా కాలేదు" అంటాడు తప్ప "లేదు" అని తెగేసి చెప్పడు. మా జావా దీవివాళ్లందరికీ ఉన్న జబ్బే అది. ఆయనకు మరీ ముదిరిపోయింది.

యోగ్యకర్తలోని మా విశ్వవిద్యాలయంలో రెండు వందల పద్నాలుగు కోర్సులు. మట్టి పరీక్షలు, హోటల్ వంట, తోలుబొమ్మలాట, కంప్యూటర్లు, ఏది ఏ గదిలో ఎన్ని గంటలకో ఆయనకు కంఠతా వచ్చు. పిల్లలు బోర్డు చూడటం మానేసి ఆయన్నే అడుగుతారు. ఇంతా చేసి హైస్కూలు దాటని మనిషి. ముప్ఫై ఏళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఏ క్లాసులోనూ కూర్చున్న పాపాన పోలేదు.

ఆ కోర్సుల్లో బాగా చిక్కిపోయింది పాత జావా భాష. హర్తినా మేడం చెప్పేది. ఐదుగురు చేరకపోతే ఎత్తేస్తారు. కిందటేడు చేరికల ఆఖరి వారానికి నలుగురే చేరారు. గడువు శుక్రవారం.

బుధవారం ఆవిడ మా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం సరోనో గారూ, ఐదుగురయ్యారా?"

"ఇంకా కాలేదమ్మా. వస్తారు లెండి."

ఆవిడ అటు వెళ్లగానే నేను విరుచుకుపడ్డాను. "ఎవరొస్తారండీ? ఉన్నమాట చెప్తే ఆవిడే నాట్యశాఖకెళ్లి ఒక పిల్లనైనా బతిమాలి తెచ్చుకునేది కదా!"

"ఆవిడ మొహం చిన్నబోతే చూడలేనమ్మా విండార్తీ."

"మీ మొహమాటం మండిపోనూ!"

పోనీ నేనైనా చెప్పానా? పెద్దాయన్ని కాదని నేనెలా చెప్పడం అనుకున్నాను. నాదీ ఆ రక్తమేగా.

శుక్రవారం కోర్సు పోయింది. నలుగురినీ వేరే క్లాసుల్లో సర్దారు. డీన్ గారి ఉత్తరం ఆవిడ ఇంటికి వెళ్తుంది కదా అని ఈయన ఊరుకున్నాడు. అయినా మనసొప్పక సోమవారం పద్నాలుగో గది తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఇస్త్రీ బట్టల్లో, పుస్తకాలతో రానే వచ్చింది. అయ్యో, ఉత్తరం అందలేదు కాబోలు! ఏం చెప్పాలో తోచక ఈయన వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాడు.

"మిగతావాళ్లేరీ?"

"ఇంకా రాలేదమ్మా."

ఆవిడ ఆయన్ని కాసేపు చూసి సుద్దముక్క అందుకుంది.

ఆపైన ప్రతి సోమవారం అదే తంతు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని బల్ల మీద వేలితో ఆవిడ నేర్పిన అక్షరాలు దిద్దుకునేవాడు. "ఎప్పుడు చెప్తారండీ ఆవిడకి?" అంటే, "వచ్చే వారం," అనేవాడు.

పదకొండో సోమవారం ఆవిడ రాలేదు. ముందురోజే గుండె ఆగిపోయిందట.

ఆవిడ బీరువా సర్దమని మా ఇద్దర్నీ పంపారు. హాజరు పుస్తకంలో డీన్ ఉత్తరం మడిచి ఉంది. 'అందినది, శనివారం' అని ఆవిడే రాసుకుంది. అంటే మొదటి క్లాసుకి రెండు రోజుల ముందే. అన్నీ తెలిసే వచ్చింది, మహాతల్లి! గుమ్మంలో నిలబడ్డ ఈయన్ని చిన్నబుచ్చలేక పాఠం చెప్పింది.

పుస్తకంలో నాలుగు పేర్లు కొట్టేసి ఉన్నాయి. కింద ఐదో పేరు సరోనో. దాని ఎదురుగా పది టిక్కులు.

"ఆ బుధవారం నేను నోరు తెరిచుంటే కోర్సు బతికేది కదమ్మా," అంటూ ఆయన పుస్తకం గుండెకి హత్తుకుని ఏడ్చాడు.

ఈ ఏడు చేరికలప్పుడు ఒక అమ్మాయి కిటికీలోంచి తొంగి చూసి, "పాత జావా భాష ఏ గదిలోనండీ?" అని అడిగింది.

సరోనో కలం కింద పెట్టాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆ కోర్సు లేదు."