కొట్టివేతకు ఒకే గీత

జున్ను ఫ్యాక్టరీ చిట్టాలో తప్పు పడితే దిద్దే పద్ధతి ఒక్కటే. తప్పు అంకె మీద ఒకే గీత గీయాలి. గీత కింది అంకె చదవడానికి వీలుగా మిగలాలి. పక్కన సరైన అంకె, ఆ పక్కన రాసినవారి పొడి అక్షరాలు, వాటి కింద చూసినవారివి. తెల్లరంగు పూయరాదు, కాగితం చింపరాదు. చల్లగా రావాల్సిన ట్యాంకరు పాలు నలభై ఏడు ఫారెన్‌హీట్ డిగ్రీలు చూపితే నలభై ఏడే రాయాలి, నలభై ఐదు దాటిన ట్యాంకరు మొత్తం వెనక్కి పోతుందని తెలిసినా సరే. ట్వైలా హెగ్గెన్ పందొమ్మిదేళ్లుగా అలాగే రాస్తోంది.

ఆమె పని నమూనా పట్టడం వరకే. పరీక్ష చేసేది తలుపుకు అవతల ల్యాబులోని వాళ్లు. ఆ తలుపు దాటాలంటే రెండేళ్ల చదువు కావాలి. అందుకే నలభై రెండో ఏట కౌంటీ కాలేజీలో చేరింది. ప్రభుత్వ సహాయం లేకుండా ఆ ఫీజు ఆమెకు అందేది కాదు.

జనవరిలో ఒక బుధవారం ఆ సహాయం ఆపివేసినట్టు ఉత్తరం వచ్చింది. వసంత సెమిస్టరు క్లాసులు మొదలవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. కెమిస్ట్రీ ఏడాదికొకసారే, వసంతంలోనే, పగటిపూట చెబుతారు.

"మార్కులు బాగానే వస్తున్నాయన్నావుగా చెల్లెమ్మా?" అన్నాడు ట్యాంకరు గొట్టాలు బిగించే డెల్మార్, భోజనాల బల్ల దగ్గర.

"మార్కులు కాదన్నా. పేరు రాయించుకున్న క్లాసుల క్రెడిట్ గంటల్లో నూటికి అరవై ఏడు పూర్తి చెయ్యాలంట. నావి ముప్పైకి పందొమ్మిది. అరవై మూడు పాయింట్ మూడు."

"ముప్పైకి పందొమ్మిదా! మన హైస్కూలు జట్టు ముప్పై ఆటల్లో పందొమ్మిది గెలిస్తే అగ్నిమాపక బండి మీద ఊరేగిస్తారే!"

తగ్గిన పదకొండు గంటల లెక్క ఆమెకు కంఠతా వచ్చు. ఇరవయ్యో ఏట ఇదే కాలేజీలో చేరి వదిలేసిన ఉపన్యాస కళ క్లాసు మూడు గంటలు. ఇరవై మూడేళ్లయినా కాలేజీ దాన్ని మరవలేదు. మిగిలిన ఎనిమిదీ మొన్న అక్టోబరువి. ఫ్యాక్టరీ ఆమెను పగటి షిఫ్టు నుంచి సాయంత్రానికి మార్చింది. బయాలజీ ల్యాబూ స్టాటిస్టిక్సూ సాయంత్రమే. ఏం చేయమని అడిగితే కాలేజీ సలహాదారు కెండల్ రౌష్ మానుకోమన్నాడు. "మానేస్తే గ్రేడు పడదండీ, మీ సగటుకి ఏ ఢోకా ఉండదు," అన్నాడు. సగటుకు ఢోకా రాలేదు. మానేసిన గంటలు మాత్రం పూర్తికాని గంటల్లోకి చేరాయి.

మర్నాడు అదే కెండల్ అప్పీలు ఫారం ఆమె ముందు పెట్టాడు. ముప్పై నిండని మనిషి, మర్యాదస్తుడు.

"మన చేతిలో లేని కారణం ఏదో రాయాలి ట్వైలా గారూ, రుజువు జతచేసి. ఆగస్టులో మీ అమ్మగారు పోయారు కదా. అది రాయండి. మరణపత్రం చూస్తే కమిటీ ఇంకో ప్రశ్న అడగదు."

"అమ్మ పోయిన ఆరో రోజున వేసవి పరీక్ష రాశాను. 'ఎ' గ్రేడు వచ్చింది. నేను చదువు మానడానికి అమ్మ కారణం కాదు బాబూ."

"నిజమేననుకోండి. కానీ షిఫ్టు మారిందంటే వాళ్ల మనసు కరగదు."

"కరగడానికి వాళ్లకి నేను జున్ను పంపడం లేదు. షిఫ్టు మారింది, నువ్వు మానమన్నావు. రెండూ రాస్తాను."

కెండల్ చెవులు ఎర్రబడ్డాయి. "నా పేరు రాయాలా?"

"చెప్పింది నువ్వేగా?"

ఆమె ఉత్తరం పదకొండు వాక్యాలు. తేదీ, పాత షిఫ్టు, కొత్త షిఫ్టు, కెండల్ సలహా. షిఫ్టు పట్టిక నకలు జతచేసింది. ఎక్కడా కన్నీరు లేదు, దయచేసి అన్న మాటా లేదు.

ఆ మరుసటి గురువారం కాలేజీ కిటికీ దగ్గర ఆర్ఫా అనే పెద్దావిడ జవాబు అందించింది. "వచ్చిందమ్మాయ్! ఇకమీదట ఒక్క క్లాసూ మానకూడదు, అంతే. పద, పుస్తకాలు కొనుక్కో."

ట్వైలా నిలబడే చదివింది. మంజూరు. కారణం: కుటుంబంలో మరణం.

"ఇది నేను రాయలేదు."

"సలహాదారు అభిప్రాయంలో కెండల్ రాశాడు. ఏ కారణమైతేనేం, పని అయిందిగా?"

ట్వైలా కిటికీ అంచున కాగితం పరిచి ఆ మాటల మీద ఒకే గీత గీసింది. పక్కన 'పని వేళల మార్పు. మానుకొమ్మన్న సలహా' అని రాసి, పొడి అక్షరాలు వేసింది.

"నీకు మతిపోయిందా!" ఆర్ఫా కళ్లజోడు ముక్కు మీదికి జారింది. "కారణం మారితే ఇది మళ్లీ కమిటీకి పోవాలి. రేపు కూర్చుంటారు, తర్వాత నెలాఖరుకే. రేపు కాదంటే నీ కెమిస్ట్రీ ఏడాది వెనక్కి పోతుంది!"

"పోతే పోనీ. మా అమ్మ చావు నా చేతకానితనానికి సాకు కాదు. అసలది నా చేతకానితనమే కాదు. ఆ కాగితం ఈ మాటతో ఫైల్లో ఉండిపోతే, రేపు నాలాంటి ఇంకొకరికి మానెయ్యమనే చెబుతారు."

గొంతులు విని కెండల్ వెనక గదిలోంచి వచ్చాడు. కాగితం చదివాడు, గీత కింది తన మాటతో సహా. "మీకు సాయమవుతుందనే రాశాను," అన్నాడు.

"నీకూ అయింది," అంది ట్వైలా. "మా ఫ్యాక్టరీలో దిద్దుబాటుకి రెండు సంతకాలుండాలి. ఒకటి దిద్దినవాళ్లది, రెండోది చూసినవాళ్లది."

అతను కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆర్ఫా చేతిలోని కలం తీసుకుని, ట్వైలా అక్షరాల కింద తన అక్షరాలు వేశాడు.

శుక్రవారం కమిటీ నలభై నిమిషాలు వాదించుకుందని ఆర్ఫా తర్వాత చెప్పింది. సాయంత్రం నాలుగున్నరకు వచ్చిన రెండో ఉత్తరంలో మంజూరు నిలిచింది. కారణం గడిలో ట్వైలా రాసిన మాటలే, టైపులో ఉన్నాయి.

వసంతంలో తీసుకున్న తొమ్మిది క్రెడిట్ గంటలూ పూర్తి చేసింది. ముప్పై తొమ్మిదికి ఇరవై ఎనిమిది: డెబ్భై ఒకటి పాయింట్ ఎనిమిది.

"ఇప్పుడైనా ఊరేగింపా?" అన్నాడు డెల్మార్.

"ముందు ఆ గొట్టం సరిగా బిగించన్నా, కారుతోంది," అని ట్వైలా థర్మామీటరు చూసి, అది చూపిన అంకె రాసుకుంది.