తెల్లబడే వేళ్లు

పదకొండేళ్లు జీతం తీసుకుని, బంతిని చేత్తో విసిరి ఆడే మా అమెరికా ఫుట్‌బాల్ ఆడి, ఒక్కసారి కూడా బంతి ముట్టుకోని మనిషి మా ఆయన ఎమిల్ హ్రింకో. బంతి విసిరే కార్ల్ మీద ఎవరూ పడకుండా అడ్డంగా నిలబడి దెబ్బలు తినడమే ఆయన ఉద్యోగం. ఆటలు లేని నెలల్లో మా ఊరి ఉక్కు మిల్లులో పని.

"ఇంత మనిషివి, ఒక్కసారైనా ఆ బంతి పట్టుకోవేం?" అని మా అమ్మ దెప్పేది.

"బంతి నా చేతికొచ్చిందంటే ఎవడో తప్పు చేశాడన్నమాట అత్తమ్మా!" అని నవ్వేవాడు.

1956 వేసవి శిబిరంలో ఆయన స్థానానికి డ్వేన్ అనే ఇరవై రెండేళ్లవాణ్ణి తెచ్చారు. ఇద్దరిలో ఒక్కడే మిగులుతాడు. రోజూ ఎదురెదురుగా నిలబెట్టి ఢీకొట్టించేవారు. రోజూ ముప్పై నాలుగేళ్ల మా ఆయనే గెలిచేవాడు.

ఆదివారం నేను క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండి శిబిరానికి పట్టుకెళ్లాను.

"వాడు నాకంటే బలవంతుడే వెరోనా. కానీ ఆట మొదలయ్యేముందు వంగి నిలబడతాం చూడు, అప్పుడు నేలకి ఆనించిన వేళ్లు వాణ్ణి పట్టించేస్తాయి. ముందుకు దూకాలంటే బరువంతా వాటిమీదే వేస్తాడు, కణుపులు తెల్లబడతాయి. వెనక్కి తగ్గి కార్ల్‌ని కాయాలంటే తెల్లబడవు. వాడు కదలకముందే నాకు తెలిసిపోతుంది."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని తిను. ఇంకో ఏడాది గట్టెక్కుతాం."

పన్నెండు తినే మనిషి నాలుగే తిన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మంగళవారం ఆ సంగతి డ్వేన్‌కే చెప్పేశాడు. ఆ రోజూ, బుధవారమూ డ్వేన్ ఈయన్ని వెల్లకిలా పడేశాడు. గురువారం పొద్దున్నే, "కోచ్ పిలుస్తున్నాడు, ఎత్తుగడల పుస్తకం కూడా తెచ్చుకో" అన్నారట. ఆ పుస్తకం వెనక్కి అడిగారంటే ఉద్యోగం పోయినట్టే. మధ్యాహ్నానికి పెట్టెతో ఇంట్లో ఉన్నాడు.

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "చేజేతులా కూటికుండ తన్నుకున్నావు కదయ్యా! వాడేమైనా నీ చుట్టమా?"

"వాడి గురించి కాదే." బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "నాకు కనబడింది అవతలి జట్టుకి కనబడదా? నేను ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోయేవాణ్ణే. ఆ తరవాత కార్ల్ ముందు నిలబడేది వాడేగా!"

కార్ల్ భార్య లోయిస్ పదకొండేళ్లూ నా పక్కనే కూర్చుని ఆట చూసింది. ఒక్కసారి కూడా భయపడి కళ్లు మూసుకోలేదు. ప్రతిసారీ మూసుకున్నది నేనే. ఇంక తిట్టలేకపోయాను.