పూజలో పెట్టిన ఫాంటు

బార్‌కోడ్ గీతలకు కూడా ఒక ఫాంటు ఉంటుంది. అది కంప్యూటర్‌లో లేకపోతే గీతల చోట నక్షత్రం గుర్తులూ అంకెలూ వచ్చి కూర్చుంటాయి. ఇది నేను హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఆఫీసులో, దసరా ముందు రోజు నేర్చుకున్నాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విదేశంలో ఒక ఆసుపత్రికి రక్తం సీసాల మీద అంటించే లేబుళ్లు మేం తయారుచేసి, పీడీఎఫ్‌లుగా మార్చి పంపేవాళ్లం. పండుగకి జనం స్కూటర్లు కడిగినట్టే, ఆయుధ పూజకని మా సిస్టమ్స్ చూసే అతను కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించాడు. పొద్దున్నే పంతులుగారు వచ్చి ప్రతి మానిటర్‌కీ బొట్టు పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలన్నీ ఒక పళ్లెంలో పేర్చి అమ్మవారి పటం ముందు పెట్టారు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నారు. క్లయింటుకి దసరా లేదు కాబట్టి నా కంప్యూటర్ ఒక్కటే నడుస్తూ ఉంది.

పూజ అయ్యాక సెలవన్నారు. అందరూ పులిహోర తిని ఆఫీసు వ్యాన్ ఎక్కారు. నేనూ బ్యాగు భుజాన వేసుకున్నాను. ప్రసవం సెలవు అయిపోయి మళ్లీ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. బోరబండలో మా అత్తమ్మ దగ్గర పాపను వదిలి వచ్చేదాన్ని. పాప సీసా పాలు ముట్టేది కాదు. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పి వచ్చాను.

మేనేజరు గుమ్మంలో ఎదురొచ్చాడు. "చూడమ్మా, పొద్దున పంపినవాటిలో గీతలు లేవంట. సరిచేసి వెళ్లు."

పూజ హడావిడిలో సరిగ్గా చూడకుండానే పంపేశాను. ఇప్పుడు చూస్తే ఏముంది, తుడిచినప్పుడు ఫాంటు కూడా పోయింది. అది ఉన్న ఫ్లాపీ పళ్లెంలో, బంతిపూల కింద ఉంది.

"సార్, ఆ ఫ్లాపీ ఒక్కసారి తీసుకుంటాను."

"పూజలో పెట్టింది ఎలా తీస్తామమ్మా? పంతులుగారు చెప్పింది విన్నావు కదా."

"అయితే రేపు చేస్తాను సార్."

"రేపటిదాకా ఆసుపత్రి ఆగుతుందా? అసలు నీకు అన్ని రోజులు సెలవిచ్చిందే ఎక్కువ."

అమ్మవారికీ క్లయింటుకీ సమానంగా భయపడే మనిషి. ఆ రెండు భయాల మధ్య నన్ను కూర్చోబెట్టాడు. ఫ్లాపీ తీయకూడదు, ఇంటికీ పోకూడదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంకో ఫాంటు వేసి చూశాను. గీతలైతే వచ్చాయి గానీ అది వేరే రకం బార్‌కోడ్, ఆసుపత్రి వాళ్ల యంత్రం దాన్ని చదవదు.

మా కింద వాటావాళ్లకి ఫోన్ చేసి అత్తమ్మను పిలిపించాను. ఆమె మాటకంటే ముందు పాప ఏడుపు వినిపించింది. "సీసా నోట్లో పెడితే ఉమ్మేస్తుంది బిడ్డా. ఎప్పుడొస్తవు?" అంది. ఆ ఏడుపుకి నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. కొంగు కప్పుకుని బాత్రూంకి వెళ్లి, నొప్పి ఓర్చుకోలేక సింకులోకి పిండుకున్నాను. అక్కడ పాప ఆకలికి ఏడుస్తుంటే ఇక్కడ దాని పాలు తూములోకి పోతున్నాయి. నేనూ ఏడ్చాను.

బయటికి వచ్చి నేరుగా అమ్మవారి ముందుకి వెళ్లాను. "తల్లీ, నువ్వూ తల్లివే కదా" అని దండం పెట్టి, పూలు పక్కకి జరిపి ఫ్లాపీ తీసుకున్నాను. మేనేజరు చూశాడు. చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పాపం నాది, పని ఆయనది.

ఫాంటు ఎక్కించాను. గీతలు వచ్చాయి. అయినా నమ్మకం కుదరక, ఆసుపత్రి వాళ్ల దగ్గర ఈ ఫాంటు ఉండదు కదా అని, ఫాంటు తీసేసి పీడీఎఫ్‌ని మళ్లీ తెరిచాను. మళ్లీ నక్షత్రాలే. నా కంప్యూటర్‌లో ఉన్న ఫాంటుని చూపిస్తోందే గానీ తనలో కలుపుకోలేదన్నమాట. విండోస్‌తో పాటు పీడీఎఫ్ సెట్టింగులు కూడా మొదటికొచ్చాయి. ఫాంట్లు ఫైల్లోనే కలపమనే గడిలో టిక్కు లేదు. ఫాంటు తిరిగి ఎక్కించి, టిక్కు పెట్టి, లేబుళ్లన్నీ మళ్లీ పీడీఎఫ్‌లు చేసి, ఫాంటు మళ్లీ తీసేసి చూశాను. ఈసారి గీతలు కదల్లేదు. ఫైళ్లు పంపి, ఫ్లాపీని పళ్లెంలో యథాస్థానంలో పెట్టాను. "చూశావా, అమ్మవారి దయ" అన్నాడు మేనేజరు.

వ్యాన్ ఎప్పుడో వెళ్లిపోయింది. అటూ ఇటూ బండరాళ్లు తప్ప ఏమీ లేని ఆ రోడ్డు మీద నడిచి నడిచి, ఆటో దొరికి ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఇంట్లో ఏడుపు లేదు. చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తాను.

"పరేషాన్ కాకు" అంది అత్తమ్మ నవ్వుతూ. ఖాళీ సీసా ఎత్తి చూపించింది. "ఏడ్చి ఏడ్చి, ఇగ చాతగాక మొత్తం తాగి పన్నది. గిప్పటి సంది నీకేం ఫికర్ లేదు బిడ్డా. ఆఫీసుల ఎంతసేపన్న ఉండు."

ఆమె మంచి మనసుతోనే అంది. తడిసిన జాకెట్టుతోనే ఉయ్యాల పక్కన కూర్చుని, పాప లేస్తుందేమోనని చూశాను. లేవలేదు.