ముందరిల్లు, వెనకిల్లు

నేను కాపురానికి వచ్చేనాటికే మా ఇల్లు భోగ్యంలో ఉంది. భోగ్యమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు విడమర్చి చెప్పాలి. ఇల్లు గలవాడు అప్పు తీసుకుంటాడు. అప్పిచ్చినవాడు వచ్చి ఆ ఇంట్లో ఉంటాడు. వీళ్లు వడ్డీ కట్టరు, వాళ్లు బాడుగ కట్టరు. గడువు తీరిననాడు అసలు చేతిలో పెడితే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతారు. వినడానికి ఎంత సుఖంగా ఉందో చూడండి. సొంతింటి ముందర జట్కా దిగి, పక్క సందులోంచి చుట్టూ తిరిగి, వెనక గొడ్ల కొట్టంలో కుడికాలు పెట్టిన కొత్త కోడలిని నేను. ఆ సుఖం సంగతి నన్నడగాలి.

మామగారు పత్తి వ్యాపారంలో దెబ్బతిని, పదేళ్ల గడువుకు ఇల్లు భోగ్యానికి పెట్టి, ఆ దిగులుతోనే కన్నుమూశారు. తీసుకున్నది బళ్ళారి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి ఉన్న ఒక శెట్టి. పత్రం రాసుకునేటప్పుడు మా అత్తగారు పట్టుబట్టి, వెనక కొట్టం మాత్రం మాకే ఉంచుకున్నారు. అప్పటికే గొడ్లు అమ్ముడుపోయాయి కాబట్టి ఆ జాగాలో మనుషులం చేరాం. మట్టి మిద్దె, నాపరాళ్ల నేల, వెలుతురు కోసం పైన ఒక గవాచి. వాన పడితే గవాచి మీద రేకు మూసేవాళ్లం, అప్పుడిక పట్టపగలే దీపం. శెట్టి కుటుంబానిది ముందరిల్లు, మాది వెనకిల్లు. వీధిలో అందరికీ అలాగే అలవాటైపోయింది.

మా ఆయన కంటోన్మెంటులో ఒక ఆఫీసు గుమాస్తా. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్త రోజులవి. పగలంతా ఆఫీసులో కన్నడంలో రాసి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో విసుక్కునేవారు. అంతకుమించి ఆయనకు ఏ విషయంలోనూ తొందర ఉండేది కాదు. ఇంటి సంగతి ఎత్తితే, "గడువు వస్తాది, ఇల్లు వస్తాది. వడ్డీ పెరగని అప్పుకు ఎందుకంత ఆత్రం?" అనేవారు. లెక్క ప్రకారం ఆయన మాటే సరి. ముందుగా తీర్చినందువల్ల మాకు ఒక్క కాసు మిగలదు.

నా ఆత్రం వేరే. మా పెద్దమ్మాయికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఒకరోజు ముందరి వాకిట్లో ఆడుకుంటుంటే శెట్టి ఇంటికి వచ్చిన చుట్టమెవరో, "ఎవురింటి పాపవే నువ్వు?" అని అడిగింది. ఇది చేతులు ఊపుకుంటూ, "ఎనకింటి పాప!" అంది. ఆ చుట్టం పకపకా నవ్వింది. పిల్ల ముద్దుగానే చెప్పింది, ఆవిడ ముద్దుకే నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వీళ్ల తాత కట్టించిన ఇల్లు కళ్లెదురుగా పెట్టుకుని ఇది వెనకింటి పాపగా పెరుగుతుందా? గడువు తీరేదాకా కూర్చుంటే దీని బాల్యం కాస్తా కొట్టంలోనే ముగుస్తుంది. నా పిల్లలు పిల్లలుగా ఉండగానే ముందరింట్లో ఆడుకోవాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. నేను అనుకుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదని మా ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నారు.

మొదట ఆయన సైకిలు పోయింది. పాపం, నడిచే వెళ్లేవారు. తర్వాత కాఫీ పోయింది. చుట్టాలొస్తే మజ్జిగ ఇచ్చి, ఈ ఎండకు ఇదే మంచిదని నేనే ముందుగా అనేసేదాన్ని. బియ్యం పండగలకు, జ్వరాలకు. మామూలు రోజుల్లో జొన్నరొట్టె, పుంటికూర, ఊరిబిండి. అప్పటికి రెండోవాడు, వాడి వెనకాలే మూడోవాడు వచ్చేశారు. ముగ్గురికీ అంగట్లో బట్టల తాను చివర మిగిలిన గుడ్డ చవగ్గా తెచ్చి, ఒకే చారల బట్టతో నేనే కుట్టేదాన్ని. వాళ్లు వరసగా వీధిలో నడుస్తుంటే ఎదురింటాయన, "బ్యాండు మేళం వస్తాండాది, దారియ్యండ్రా!" అని ఆటపట్టించేవాడు. పిల్లలు దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకా ఠీవిగా నడిచేవారు. క్షవరం మా ఆయనే చేసేవారు. ఆ తలలు చూసి మాత్రం నాకే జాలేసేది.

అసలు సంపాదన బుడ్డల మీద వచ్చింది. కప్పగల్లు నుంచి ఒక రైతు విత్తనాల కాలానికి ముందు బండిలో వేరుశనగ మూటలు తెచ్చి కొట్టం నిండా దించిపోయేవాడు. మేము ఒలిచి గింజలు కొలిచి ఇస్తే కూలి. పైగా పొట్టు మాదే, పొయ్యిలోకి కట్టెల ఖర్చు తప్పేది. విత్తనపు గింజ పగలకూడదు, పైపొర చెదరకూడదు. మధ్యాహ్నం పనులు కాగానే అత్తాకోడళ్లం ఎదురెదురుగా కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే చప్పుడు. బొటనవేళ్లు పగిలి, పులుసు కలపాలంటే ప్రాణం పోయేది. మంచి గింజ ఒక్కటి కూడా పిల్లలు ముట్టకూడదని నేను ఆర్డరు వేశాను. పగిలినవీ, చొట్టవీ మాత్రం వాళ్లవి. చిత్రమేమంటే పిల్లలు దగ్గరికొచ్చి కూర్చున్నప్పుడల్లా మా అత్తగారి చేతిలో గింజలు ఎక్కువగా పగిలేవి. నేను చూస్తే, "కండ్లు సరిగ్గా అవుపడల్యా అమ్మీ" అనేది. అదే కళ్లతో వీధి చివర పోయే మనిషిని గుర్తుపట్టేది.

ఆ పొట్టు కుప్ప పిల్లల రాజ్యం. మెడదాకా అందులో పాతుకుని, తలలు మాత్రం బయటపెట్టి కబుర్లు చెప్పుకునేవారు. లేస్తే జుట్టు నిండా, చెవుల నిండా పొట్టు. మూడోవాడు ఆ కొట్టంలోనే పుట్టాడు. వాడు పాకడం, నడవడం, మాట్లాడటం అన్నీ బుడ్డల మూటల మధ్యే. ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో అనిపిస్తుంది. గవాచిలోంచి ఎండ నేల మీద పడేది. మా అత్తగారు ఏదో పాత కథ చెబుతూ ఉండేది. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని వినేవారు. అప్పుడు మాత్రం నాకు కథ వినే తీరిక ఎక్కడిది, ఈ మూట ఎప్పుడు ఖాళీ అవుతుందా అన్నదే ధ్యాస.

శెట్టి భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. మంచి మనిషి. అదే నాకు చిక్కు. నేను ఇంట్లో నెయ్యి వాసన లేకుండా చేస్తే, ఆమె పిల్లలను పిలిచి నేతి దోసెలు పెట్టేది. వాళ్లు ఏమీ తినలేదంటూ గడ్డాల నిండా నెయ్యితో వచ్చేవారు. అభిమానం కొద్దీ కోప్పడేదాన్ని గానీ, రాత్రికి ఇక అన్నం అడగరు కదా అని లోలోపల ఊరట పడ్డ రోజులూ ఉన్నాయి.

గడువుకు ఇంకా రెండేళ్లు ఉండగానే డబ్బు కూడింది. అత్తగారి కమ్మలు కూడా అందులో కలిశాయనుకోండి. ఒక మంచిరోజు చూసుకుని, డబ్బు గుడ్డలో మూటకట్టి, మా ఆయన, అత్తగారు, నేను ముందరింటికి వెళ్లాం. శెట్టి కొడుకులిద్దరితో కూర్చుని ఉగ్గాణి తింటున్నాడు. మా ఆయన మూట ముందర పెట్టి విషయం చెప్పారు. శెట్టి మూట వైపు చూడనైనా లేదు.

"గడువు ఇంగా ఉండాది గదప్పా. నేనేమన్నా అడిగినానా? ఏటికి ఇంత అర్జెంటు పడతాండారు?"

"పిల్లోళ్లు పెద్దోళ్లయితాండారు శెట్టన్నా," అన్నారు మా ఆయన.

"మా పిల్లోళ్లు గుడక పెద్దోళ్లయితాండారు. పెద్దోనికి సమ్మంధాలు చూస్తాండాము. ఈ ఇంట్లోకి వచ్చినంక నాకి బాగా కలిసొచ్చింది. ఒగ అంగడి రెండాయ. కలిసొచ్చిన ఇంటిని నడిమద్దెన ఎవురన్నా ఇడుస్తారా? గడువు తీరిన దినం తెచ్చియ్యండి, అప్పుడు నేను బేడ, వద్దు అంటానా?"

భోగ్యంలో గడువు రెండు వైపులా కట్టేస్తుందని ఇన్నేళ్లలో మాకు తట్టనే లేదు. ముందుగా ఇల్లు అడిగే హక్కు మాకు లేదు, ముందుగా డబ్బు పుచ్చుకునే బాధ్యత ఆయనకు లేదు. ఆఫీసులో పొద్దంతా కాగితాలు చదివే మనిషికీ తట్టలేదు, కూలి గింజ పగలకుండా కాపాడిన నాకూ తట్టలేదు. మూట తీసుకుని సందులోంచి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేశాం. ఆ రోజు నేను వంట చేయలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా తోమాను, ముందరింటికి వినపడేటట్టు.

తర్వాత ఒక పొద్దున చూస్తే మా అత్తగారు కొట్టం గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంది. శెట్టి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు.

"ఏంది అమ్మా, ఈ పొద్దు ఏం పండగ?"

"పండగ గాదప్పా. ఈ కొట్టానికి టెంకాయ కొడతాండా."

"కొట్టానికా!"

"కలిసొచ్చింది గదప్పా. ముందరింట్లో మేముండంగా ఉండేదంతా పాయ. ఈడికి వచ్చినంక చూడు, గుమాస్తా జీతంలో ముగ్గురు బిడ్డలను సాకి, నీ అప్పు తీర్చే దుడ్డు కూడబెడితిమి. మహిమ యాడుండాదో నువ్వే చెప్పు." కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప ఆయన చేతిలో పెట్టింది. "మేము ముందరికి పోతే ఈ కొట్టం ఖాళీనే. గడువు తీరేదాకా నీ సామాను పెట్టుకో. ఒగ రూపాయి గుడక వద్దు."

మా ఆయన సిగ్గుతో చచ్చిపోతూ, "అమ్మా, సుమ్నే ఉండు, చాలు," అని లోపలినుంచి గొణిగారు. శెట్టి చిప్ప పట్టుకుని కొట్టాన్ని కిందనుంచి పైదాకా చూసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు సందులోంచి తలపెట్టి, "ఆయ్తు బిడమ్మా, సరే. కొత్త అంగడి మింద మిద్దె ఉండాది, మేము ఆడికి పోతాం. కొట్టం మాత్రం నాకి ఇయ్యల్ల," అన్నాడు. కొట్టం మహిమను ఆయన నిజంగా నమ్మాడో, కొడుకుల ముందు కాదన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఒక దారి దొరికిందనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కను అడిగితే, "మా ఆయప్ప అంత ఎర్రోడనుకుంటివా?" అని నవ్వింది.

ముందరింట్లో పాలు పొంగించిన రోజు మా పెద్దమ్మాయి కాలు నేల మీద నిలవలేదు. బడి స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చి ప్రతి తలుపూ తెరిచి, ప్రతి కిటికీలోంచి బయటికి చూపించింది. "ఇది మా తాత కట్టిచ్చింది," అని తను కనీసం చూడనైనా చూడని తాత గురించి గొప్పలు పోయింది. దాని ముఖం చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. అనుకున్నది సాధించానని గర్వంగా కూడా అనిపించింది. దాచుకోవడమెందుకు, ఆ పూట నేను కొంచెం పొగరుగానే తిరిగాను.

దీపాలు పెట్టే వేళకు మూడోవాడు కనపడలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే కొట్టం తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లోపల అప్పటికే శెట్టి ఇత్తడి సామాను దించారు. తలుపుకు తాళం వేసి ఉంది.

"చీకటి పడతాంది, ఇంట్లోకి రారా," అన్నాను.

"ఇంటికి బీగం ఏసినారు మా," అన్నాడు. "తీయమను. మనింటికి పోదాం."

"మనిల్లు అది గదరా. ముందరుండేది."

"అది శెట్టెప్పోళ్లది."

ఎత్తుకుని తీసుకొచ్చాను. మరునాడూ అదే మాట, ఆ మరునాడూ అదే. మా ఆయన నవ్వారు, ఎదురింటాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తన ఇంట్లో వేరేవాళ్లు ఉంటే బయట నిలబడి చూసే గతి నా పిల్లలకు పట్టకూడదని ఇన్నేళ్లు తన్నుకున్నాను. వీడికి మాత్రం సరిగ్గా ఆ గతినే నా చేతులతో తెచ్చిపెట్టాను.

చివరికి వాడిని చంకనేసుకుని బజారుకు వెళ్లి, శెట్టిని తాళంచెవి అడిగాను. ఆయన ఎందుకని కూడా అడగకుండా ఇచ్చాడు. ఇంటికొచ్చి తలుపు తీసి వాడిని కిందికి దించాను. నేలనుంచి మిద్దెదాకా బిందెలు, గుండిగలు, తపేలాలు. మూటలు లేవు, పొట్టు లేదు, మేము వండుకున్న పొయ్యి కూడా తీసేశారు. వాడు రెండడుగులు వేసి ఆగి, అటూ ఇటూ చూశాడు. ఏడుస్తాడేమో ఓదారుద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. వాడు ఏడవలేదు. వచ్చి నా కొంగు పట్టుకుని, "పోదాం పా మా," అన్నాడు. ఎక్కడికని అడిగితే వేలెత్తి ముందరిల్లు చూపించాడు.

ఇంటికి పోదామని వాడు మళ్లీ ఎప్పుడూ అనలేదు. నేను కోరుకున్నదీ అదే. భోగ్యంలో బతికిన అన్నేళ్లూ ఒక్కసారి కూడా కన్నీరు పెట్టనిదాన్ని, ఆ పూట వాడిని ఒళ్లో వేసుకుని, మా సొంతింటి పడసాలలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.